బాబాయి పొట్టలో ఇరవై నిమిషాలు

మార్చి 3, సోమవారం

బాబాయి ఇవాళ కూడా పడిపోయాడు. పొద్దున ఎనిమిదికి భోజనం పెట్టాం, ఎనిమిదింపావుకు స్పృహ తప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టాం, ఒకటింపావుకు మళ్లీ అదే. రాత్రి భోజనం దాకా చూసే ఓపిక లేక ఆపేశాను. ఆకలితో పడిపోయేవాళ్లను విన్నాను గానీ, అన్నం పెడితే పడిపోయే మనిషిని ఇదే చూడడం.

ఈ సంగతి మెట్లెక్కుతూ ఫోన్లో మా ఆయనకు చెబుతుంటే పక్కింటావిడ విన్నట్టుంది. సాయంత్రం ఆరు అరటిపళ్లు పట్టుకుని వచ్చింది. "మీ బాబాయిగారికి ఎలా ఉందమ్మా? రోజూ పడిపోతున్నారటగా!"

"ఆయన నిజం బాబాయి కాదండీ. కంప్యూటర్లో మనిషి. గుండె లెక్కలు ఒకరు రాశారు, కిడ్నీవి ఒకరు, లివరువి ఇంకొకరు. అలా ఎవరెవరో రాసి అందరి కోసం పెట్టిన చిన్న చిన్న మోడళ్లు తెచ్చుకుని, వాటిని విప్పకుండా, ఒకదానికొకటి తగిలించి మొత్తం మనిషిని చెయ్యడం మా లాబు పని" అని చెప్పాను. ముద్దుగా ఉంటుందని బాబాయి అని పిలుస్తామని కూడా చెప్పాను. ఇన్సులిన్ గురించి కొంచెమే చెప్పాను, అరగంట.

ఆవిడ అంతా విని, "ఏదైనా, ఒకసారి షుగరు చూపించండమ్మా" అని పళ్లు చేతిలో పెట్టి వెళ్లింది.

ఆవిడ అన్నదే నిజం. పడిపోయేది షుగరు తగ్గే.

28న మా లాబుకు డబ్బులిచ్చే కమిటీ వస్తుంది. ఆ రోజు బాబాయి మూడు పూటలా తిని ఇరవై నాలుగు గంటలు నిలబడాలి. పడిపోయాడా, మా గది తేనెటీగల మీద పరిశోధన చేసే పక్క లాబు వాళ్లకు పోతుంది, మమ్మల్ని తలో మూలకు సర్దేస్తారు. ఆరేళ్ల పని.

మార్చి 4, మంగళవారం

దొంగ దొరికాడు. పొట్ట.

మా దగ్గర భోజనం వేళకు ఒక గంట కొట్టినట్టు అవుతుంది. ఆ గంట వినగానే ప్యాంక్రియాస్ ఇన్సులిన్ వదులుతుంది. పొట్ట మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. లోపల ఎక్కడో 20 అని ఒక అంకె ఉంది. ఎందుకుందో ఒక్క మాట రాసి లేదు. ఇన్సులిన్ వచ్చేసింది, తిండి రాలేదు, బాబాయి పడిపోక ఏం చేస్తాడు!

అన్నం పెట్టాక ఇరవై నిమిషాల దాకా కడుపులోకి ఏమీ పోని మనిషి ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా అని గుండె గారిని అడిగాను. (మా లాబులో ఎవరు ఏ అవయవం చూస్తే వాళ్లకు అదే పేరు. గుండె గారు పెద్దవారు, నెమ్మదస్తులు.) ఆయన నా వైపు ఒక క్షణం చూసి, "ఉండొచ్చమ్మా" అన్నారు. ఆయన ఎవరినీ నొప్పించరు.

ఆ పొట్ట రాసింది గడియారం.

ఆవిడ గురించి ఇక్కడ రాయను. తొమ్మిదేళ్లుగా రాయలేదు, ఇప్పుడెందుకు? ఇద్దరం చదువుకునే రోజుల్లో రెండేళ్లు ఒకే బల్ల మీద పని చేశాం, ఆవిడ మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుండేది కాబట్టి ఆ పేరు పెట్టింది నేనే. ఎనిమిది మందికి కొలిచిన భోజనం పెట్టి, పది నిమిషాలకోసారి స్కానింగ్ తీసి, కడుపులో ఎంత మిగిలిందో చూసేవాళ్లం. మనుషులు దొరక్క ఆ ఎనిమిది మందిలో నేనూ ఒకదాన్నయ్యాను. లెక్కల్లో సగం నేను రాశాను. చివరికి పేపరు అచ్చయ్యింది. పైన ఆవిడ పేరు ఒక్కటే. వెనక ధన్యవాదాల్లో తూకం మిషను అమ్మినవాడి పేరుంది, క్యాంటీను పేరుంది, నా పేరు లేదు.

పేపరు మొత్తం చదివే ఈ మాట అంటున్నాను.

ఇప్పుడు ఆవిడ ఈ ఊళ్లోనే, రెండు బస్సులు మారితే వచ్చే చోట పని చేస్తోంది. అటు బస్సు నేనెక్కను. ఆ దారిలో దుమ్మెక్కువ.

మార్చి 5, బుధవారం

ఫోన్ చెయ్యను.

మార్చి 7, శుక్రవారం

20 తీసేసి సున్నా పెట్టేస్తే పోతుందిగా అని పెద్దాయనతో అన్నాను. మా లాబుకు పెద్ద ఆయనే. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లజోడు తుడిస్తే పని పెరిగిందని అర్థం.

"తెచ్చుకున్న మోడల్ని విప్పకూడదనే కదమ్మా మన గొప్ప? విప్పి అంకె మార్చేస్తే ఇంక మనం తగిలించిందేమిటి, కుట్టిందేమిటి?"

"మరి అలాగే వదిలేద్దామా?"

"కారణం తెలీకుండా మార్చినా తప్పే, కారణం తెలీకుండా వదిలేసినా తప్పే. కమిటీలో ఒకావిడ వస్తోంది. ప్రతి అంకె దగ్గరా ఎందుకు ఎందుకు అంటుంది. రాసినవాళ్లను అడిగెయ్, ఒక్క ఫోనుతో పోయేదానికి..."

ఆ పొట్ట కాకపోతే ఇంకో పొట్ట అన్నాను. ఆయన మళ్లీ తుడుచుకున్నారు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు, అమ్మాయికి ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన మధ్యలో లేచి నా కూర మళ్లీ వేడి చేసి తెచ్చారు. ఈ మధ్య మా ఇంట్లో కూరలు తొందరగా చల్లారిపోతున్నాయి. ఆ గిన్నెలే మార్చాలి.

మార్చి 9, ఆదివారం

పొట్ట అంటే ఏముంది? ఒక సంచీ. పైనుంచి వస్తుంది, కిందికి పోతుంది. నేనే రాసేస్తున్నాను. అమ్మాయిని, ఆయన్ను పార్కుకు పంపేశాను. సాయంత్రానికి పూర్తి.

తొమ్మిదేళ్లుగా జనం ఆ పొట్టనెందుకు వాడుతున్నారో నాకు అర్థం కాదు. నలభై ఒక్క లాబులట! నాది వాడి చూడమనండి.

మార్చి 10, సోమవారం

నా పొట్టతో బాబాయి కడుపులో మధ్యాహ్నానికి మైనస్ రెండు వందల గ్రాముల అన్నం ఉంది.

కిడ్నీ (లాబులో అందరికన్నా చిన్నది, ఈ ఏడే చేరింది) చాలాసేపు తెర వైపు చూసి, "అంటే బాబాయి మనకు బాకీ అన్నమాటా అండీ?" అని అడిగింది. ఏదో ఫైలు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

మార్చి 13, గురువారం

దొరికింది! మోడళ్ల జాబితాలో అడుగున ఇంకో పొట్ట ఉంది. తెచ్చి తగిలించాను. మూడు పూటలా తిన్నాడు. నిద్రపోయాడు. లేచాడు. షుగరు గీత చూస్తే కళ్లు చెమర్చాయి. గుండె గారు కూడా బాగుందన్నారు. పెద్దాయన కళ్లజోడు ముట్టుకోలేదు.

ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదని అందరికీ చెప్పాను. రెండుసార్లు.

మార్చి 14, శుక్రవారం

ఆ పొట్ట కుక్కది.

మార్చి 15, శనివారం

కిడ్నీయే చూసింది. నోట్సులో బరువు పద్నాలుగు కిలోలు అని ఉందట. తర్వాతి లైన్లో జాతి కూడా ఉందట. నేను మొదటి పేజీ చదివాను. చివరి పేజీ కూడా చూశాను. మధ్యలో ఏముంటుంది మామూలుగా!

మార్చి 17, సోమవారం

ఒక ఉపాయం తట్టింది. ఇందులో మోసమేమీ లేదు. లాబు తరఫున ఉత్తరం ఎవరు రాస్తేనేం? కిడ్నీ పేరు మీద గడియారానికి ఉత్తరం పంపాను. "గౌరవనీయులైన మేడమ్ గారికి" అని మొదలుపెట్టి, 20 అనే అంకెకు కారణం తెలియజేయగలరని చాలా మర్యాదగా, చాలా క్లుప్తంగా రాశాను. కిడ్నీకి చూపిస్తే, "నాలుగు పేజీలుందండీ" అంది. క్లుప్తంగా రాయడమంటే ముఖ్యమైనవి వదిలెయ్యడం కాదని చెప్పాను. నేను స్వతహాగా మితభాషిని. అది ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల, దానికి తెలీదు.

మార్చి 18, మంగళవారం

జవాబు రాలేదు. నాకేం పట్టలేదు.

మార్చి 19, బుధవారం

రాలేదు. పదకొండుసార్లు చూశాను, వేరే ఉత్తరం కోసం.

మార్చి 20, గురువారం

వచ్చింది. కిడ్నీ పేరుకే వచ్చింది.

"అమ్మా, ఈ నాలుగు పేజీలు మీరు రాసినవి కాదని రెండో పేరాలోనే తెలిసిపోయింది. రాసిన మనిషినే ఫోన్ చెయ్యమనండి. నంబరు మారలేదు."

పొగరు ఎక్కడికి పోతుంది!

కూర మళ్లీ చల్లారింది.

మార్చి 24, సోమవారం

తేనెటీగల వాళ్లు టేపు పట్టుకుని వచ్చారు. ఇద్దరు. కొలుచుకోవచ్చా అని మర్యాదగా అడిగి, నా కుర్చీని జరిపి, నా వెనక గోడను కొలిచారు. "ఇక్కడ పెట్టె పెడితే కిటికీలోంచి బయటికి పోతాయి" అని ఒకడు రెండోవాడితో అన్నాడు. నేను కూర్చునే చోట తేనెపట్టు పెడతారట.

సాయంత్రం పెద్దాయన అందరినీ కూర్చోబెట్టారు. "28న బాబాయికి అన్నం పెట్టకుండా చూపిద్దామా?" అన్నారు. ఆయన ముఖం చూస్తే నవ్వు రాలేదు. కిడ్నీ కళ్లు తుడుచుకుంటోంది. దానికి చేరి మూడు నెలలు కాలేదు, ఇల్లు అద్దెకు తీసుకుంది మొన్ననే. గుండె గారు రిటైరయ్యేలోపు బాబాయి ఒక్కరోజైనా నడిస్తే చూడాలని ఉందన్నారు. ఎవరూ నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 25, మంగళవారం

చేశాను.

నంబరు తొమ్మిదేళ్లుగా నా ఫోన్లో అలాగే ఉంది. తీసెయ్యడానికి తీరిక దొరకలేదు. క్యాంటీన్లో, మధ్యాహ్నం, గుండె గారికి, కిడ్నీకి నేనెందుకు ఫోన్ చెయ్యకూడదో మరోసారి పూర్తిగా వివరించి, చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"నేను."

"తెలుసు. ఎక్కడున్నావు?"

"పని మీద చేశాను. నీ పొట్ట మోడల్లో ఇరవై నిమిషాలు..."

"అది తర్వాత. ఎక్కడున్నావే?"

"క్యాంటీన్లో."

"ముందు ప్లేటుందా?"

"ఉంది. దానికీ దీనికీ..."

"ప్లేటు పెట్టి ఎంతసేపైంది?"

గుండె గారిని అడిగాను. ఆయన తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. "మీరు ఒంటిగంటకు పెట్టుకున్నారమ్మా. ఇప్పుడు ఒకటీ ఇరవై రెండు."

"ఇరవై రెండు నిమిషాలు" అన్నాను ఫోన్లో.

"ఒక్క ముద్దయినా తిన్నావా?"

ప్లేటు చూశాను. కూర మీద మీగడలా కట్టింది.

"లేదు."

"అదే ఆ ఇరవై నిమిషాలు. రెండు పెరిగింది. అది నీ పొట్టేనే, వసపిట్టా!"

నాకు నోట మాట రాలేదు. రాలేదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, మా ఆయన నమ్మరు.

గడియారం చెబుతూ పోయింది. ఆ ఎనిమిది మందిలో ముగ్గురు మధ్యలో దొంగచాటుగా బిస్కెట్లు తిన్నారట. ఇద్దరు స్కానర్ కింద నిద్రపోయారట. ఇద్దరు మళ్లీ మొహం చూపించలేదట. మిగిలింది నేను. పన్నెండు భోజనాలు. ప్లేటు పెట్టగానే వాచీ నొక్కాలని రూలు, నొక్కేది. నేను మాట్లాడుతూ ఉండేదాన్ని. పన్నెండుసార్లూ ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా మొదటి ముద్ద.

"మరి ఆ అంకె పక్కన రాయొచ్చుగా?"

"ఏమని రాయను? వాలంటీరు అన్నం ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు కబుర్లు చెప్పును అనా? డిపార్టుమెంటులో ఎవర్నడిగినా నీ పేరు చెప్పేవాళ్లు. కొలిపించుకున్న మనిషెవరో బయటికి తెలియకూడదని రూలు కదే!"

"మరి నా పేరు?"

"అందుకే పెట్టలేదు. పేరు పెడితే పొట్ట తీసెయ్యమన్నారు, పొట్ట ఉంచితే పేరు తీసెయ్యమన్నారు. నువ్వు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది ఆ మాట."

"నేను చదవలేదు."

"తెలుసు. సంతకం పెడుతూ కూడా మాట్లాడుతూనే ఉన్నావు."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. మూడోసారి మీ ఆయన ఎత్తి, స్నానం చేస్తోంది అన్నాడు. అప్పుడు నీ గొంతు వినిపిస్తోంది నాకు."

నిజమే. అలా చెప్పమన్నది నేనే.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదు. భోంచేస్తున్నాను."

"అబద్ధం. ఇంకా ముద్దెత్తలేదు నువ్వు."

అదే రోజు, సాయంత్రం

పేపరు చదివాను. ఈసారి నిజంగా. తొమ్మిదేళ్ల కిందట చివరి పేజీలో ధన్యవాదాలు మాత్రమే చూశాను, నా పేరు వెతుక్కున్నాను, తూకం మిషనువాడి దగ్గర కోపమొచ్చి మూసేశాను. ఆ కింద ఇంకో లైనుంది.

"అన్నిటికన్నా ముందు, పేరు చెప్పకూడని వాలంటీరుకు. ఈ పొట్ట ఆమెది."

కిడ్నీ వచ్చి ఏమైందండీ అని అడిగింది. దుమ్ము అన్నాను.

నలభై ఒక్క లాబుల్లో నలభై ఒక్క మంది బాబాయిలు ఇన్నేళ్లుగా నా పొట్టతో బతుకుతున్నారు. పాపం అందరూ ప్లేటు ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటున్నారు, మాట్లాడడానికి కూడా ఎవరూ లేకుండా.

మార్చి 26, బుధవారం

మోడల్లో ఏ అంకే మార్చలేదు. పొట్టకు ప్లేటు పెట్టినప్పుడు గంట కొడుతున్నాం, ప్యాంక్రియాస్‌కు మొదటి ముద్దప్పుడు. అంతే. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేస్తున్నారు, తగిలించిన తీగే తప్పు. ఆ తీగ తగిలించింది నేను.

బాబాయి మూడు పూటలా తిన్నాడు.

ఇంట్లో మా ఆయనకు క్షమాపణ చెప్పాను, గిన్నెలు మార్చక్కర్లేదన్నాను. ఏ గిన్నెలు అన్నారు ఆయన. మళ్లీ వేడి చెయ్యడానికి లేచారు.

మార్చి 28, శుక్రవారం

కమిటీలో నలుగురు. ముగ్గురు బాబాయిని చూశారు, పెద్దాయన చెప్పిన ఆవిడ అంకెలు చూసింది. సన్నటి మనిషి, చేతిలో పెన్సిలు. బాబాయి ఒక రోజు బతకడానికి మా కంప్యూటరుకు పదకొండు నిమిషాలు పడుతుంది. పొద్దుటి భోజనం అయ్యింది. మధ్యాహ్నం అయ్యింది. కిడ్నీ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగాయి. రాత్రి భోజనం. నిద్ర. తెల్లారింది. లేచాడు!

గుండె గారు పైకి చూస్తూ కూర్చున్నారు. కళ్లు కిందికి దించితే కారిపోతాయని.

అప్పుడు పెన్సిలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ ఇరవై ఎందుకు?"

పెద్దాయన చెయ్యి కళ్లజోడు మీదికి పోయింది. కారణం చెబితే వాలంటీరెవరో తెలిసిపోతుంది. అది చెప్పే హక్కు ఒక్కరికే ఉంది. లేచి నిలబడ్డాను.

"ఆ పొట్ట నాదండీ."

"అంటే మీరు రాశారా?"

"కాదండీ. నా కడుపులోది. నేను ప్లేటు ముందు కూర్చుని ఇరవై నిమిషాలు మాట్లాడాక గానీ ముద్దెత్తను. ఎందుకంటే, మా చిన్నప్పుడు..."

"చాలు. రుజువేమిటి?"

గుండె గారు చెయ్యెత్తారు. "ఆరేళ్లుగా రోజూ ఆవిడతోనే భోంచేస్తున్నానండీ." కిడ్నీ చెయ్యెత్తింది. పెద్దాయన కూడా ఎత్తారు. గుమ్మం దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డ తేనెటీగలాయన, అతన్నెవరూ అడగలేదు, తనూ ఎత్తాడు.

ఆవిడ అందరి చేతులూ లెక్కపెట్టి ఏదో రాసుకుంది. "ఇన్ని అంకెల్లో కారణం నమ్మబుద్ధైంది ఇదొక్కటే" అంది. ఇంకో మూడేళ్లు ఇచ్చారు. ఒక షరతు: ఆ 20 పక్కన కారణం రాయాలి, రాసినావిడా కొలిపించుకున్నావిడా ఇద్దరూ సంతకం పెట్టాలి.

గడియారానికి ఫోన్ చేశాను. సోమవారం వస్తానంది. రెండు బస్సులు మారాలి పాపం. ఆ దారిలో దుమ్మేమీ ఉండదట.

మార్చి 31, సోమవారం

వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. మెడలో స్టాప్‌వాచీ అలాగే ఉంది. క్యాంటీన్లో కూర్చున్నాం, కాగితం మధ్యలో పెట్టుకుని. ప్లేట్లు రాగానే అలవాటు కొద్దీ వాచీ నొక్కింది.

తొమ్మిదేళ్లవి చెప్పుకున్నాం. ఈసారి ఆవిడా మాట్లాడింది.

మధ్యలో ఎప్పుడో వాచీ వైపు చూసింది. యాభై మూడు నిమిషాలు. రెండు ప్లేట్లూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు.

క్యాంటీన్ ఆయన వచ్చి, "తీసెయ్యమంటారా అమ్మా?" అని అడిగాడు.

ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.